కుడి తొడ ఎముకలు

బోజమ్మ మేడం మొదటి రోజే చెప్పింది:
పుర్రెలు లెక్కపెట్టొద్దు, పగిలినవి అబద్ధమాడతాయి.
కుడి తొడ ఎముకలు వెతుకు.
ఎంత పేదవాడికైనా ఒకటే ఉంటుంది,
ఎంత దొరకైనా ఒకటే.

హెబ్బాళలో అద్దెగది. ఫ్యాను వేయకూడదు,
ముక్కలు ఎగిరిపోతాయి, అంత తేలిక.
టూత్‌బ్రష్షుతో మన్ను దులుపుతాను.
ఒకటి. రెండు. ఆరు.
సాయంత్రానికి పదకొండు.
ఎడమవి మాత్రం తొమ్మిదే.

మిగతా రెండూ ఏమయ్యాయంటే
మేడం టీ గ్లాసు అరచేతుల్లో తిప్పుతూ
ఎవరో తీసుకుపోయి ఉంటారు అంది.
ఎవరి కాలు ఎవరికి కావలసొచ్చిందో.

దేవనహళ్ళి రోడ్డు పక్కన
లేఅవుటువాళ్ళు హద్దురాళ్ళు పాతుతుంటే బయటపడింది.
నాలుగు నిలువు బండలు, పైన మూత బండ,
తూర్పు బండకి గుండ్రటి కంత,
మనిషి భుజాలు పట్టేంత.
మావాళ్ళు రాకాసి గుడి అంటారు.
కన్నడమోళ్ళు మరుగుజ్జుల ఇల్లంటారు.
రాకాసికి చిన్నది, మరుగుజ్జుకి పెద్దది.
చచ్చినవాళ్ళకి సరిపోయింది.

నిరుడు ఎండల్లో నాయన్ని తీసుకెళ్ళి చూపించాను.
ముని ఓబులు. నలభై ఏళ్ళు రాయి కొట్టి
రాయినే పీల్చినవాడు.
వంగి, వేళ్ళ గణుపులతో రెండుసార్లు తట్టి
బండకి చెవి ఆనించాడు.
"ఉలి పడలేదు దీని మీద.
కట్టెలు పేర్చి, కాల్చి, నీళ్ళు కొట్టి లేపినారు.
పొర చూడు, దోసె లేసినట్టు లేసింది."
కాసేపు దగ్గి,
"తెలిసినోళ్ళేలే" అన్నాడు,
రెండున్నర వేల ఏళ్ళ కిందటి మనుషుల్ని,
మొన్నటిదాకా పక్క క్వారీలో ఉన్నట్టు.
మా మీదుగా ఒక విమానం
కడుపు చూపిస్తూ దిగింది.

ఆ కంత ఎందుకు?
ఆత్మ వచ్చిపోవడానికి అన్నాడు
కొత్తగా చేరిన కుర్రాడు.
మేడం నవ్వింది.
అది తలుపు. లోపలున్నవాళ్ళ కోసం కాదు,
ఇంకా రావలసినవాళ్ళ కోసం.

కార్తీకంలో నాయన పోయాడు.
శ్మశానంలో చోటు లేదు.
గుమాస్తా రిజిస్టరు తిప్పుతూ
మీవాళ్ళెవరైనా ముందే ఉన్నారా అన్నాడు,
హోటల్లో టేబుల్ అడిగినట్టు.
ఉంది. మా అమ్మ.
గంగులమ్మ. పద్దెనిమిదేళ్ళుగా.

ఆడవాళ్ళు గోతి దగ్గరికి రాకూడదన్నారు. వచ్చాను.
మారప్ప నడుం లోతుదాకా పారతో తవ్వి
తర్వాత చేతులతో తవ్వాడు.
అమ్మని ఒక్కొక్కటిగా తీసి
పాత సిమెంటు గోతం మీద పరిచాడు.
ఎవరూ అడగకుండానే నా చేతులు వెతికాయి.
కుడి తొడ.
మూరెడు. పూలు కొలిచినట్టు కొలిచాను.
వెనక వైపు గీత బాగా లేచి ఉంది,
బరువులు మోసినవాళ్ళకి అట్లా లేస్తుందని
మేడం నేర్పించింది.
ఎవరో ఒకరి కాలు చూపించి నేర్పించింది.

నాయన్ని దించారు.
అమ్మని ఆయన కాళ్ళ దగ్గర సర్దబోతే
తల దగ్గర పెట్టమన్నాడు చిన్నాయన.
"యాడైతే ఏంలే," అంది మా అత్త,
"ఇల్లు ఆయమ్మది. వచ్చింది ఈయన."
ఏడుస్తున్నవాళ్ళలో ఇద్దరు నవ్వారు.

పదిహేను రోజులకి మళ్ళీ పనిలోకి వెళ్ళాను.
నివేదికలో రాశాను: కనీసం పదకొండు మంది.
కనీసం అన్న మాట దగ్గర పెన్ను ఆగింది.
ఎక్కువమంది ఉండొచ్చు. తక్కువైతే ఉండరు.
తగ్గిన రెండు ఎడమ కాళ్ళ గురించి
ఒక్క వాక్యమూ రాయలేదు.

గోతం మడిచేటప్పుడు మారప్ప చూడలేదు.
నా చున్నీ కొసన ముడి ఉంది.
మోకాటి చిప్ప.
ఎడమది.